గుడి గడప నుంచి అరవై రెండు మీటర్లు

లైసెన్సు ఆఫీసరు నిరంజన్ గారికి, ఉప్పునుంతల దగ్గరి పల్లె నుంచి భజన మండలి బాలమణి నమస్కరించి రాయునది.

ఊళ్లు బాగుపడేలా మద్యం లైసెన్సు రూల్స్ మారుస్తామని, సలహాలు రాయమని పంచాయతీ గోడకు మీ కాగితం అంటించారు. నా సలహా ఒకటే. గుడికి వంద మీటర్ల లోపల మందు అమ్మే లైసెన్సు ఎవరికీ ఇవ్వకండి. మా బస్టాండు దగ్గర విజయ్ వైన్ షాపు ఉంది. కూలికి పోయిన మగవాళ్లు అక్కడే ఆగిపోతున్నారు, ఇల్లు చేరడం లేదు.

ఇట్లు,
బాలమణి

తా.క.: అక్కడ గుడి లేదు. కట్టుకుంటాము.

బాలమణి గారికి,

మీ సలహా పైవారికి నచ్చి రూలు అయింది. లైసెన్సు గడువు తీరినప్పుడు గుడి గడప నుంచి కొలుస్తాము.

భవదీయుడు,
నిరంజన్

తా.క.: మొత్తం నాలుగు సలహాలు వచ్చాయి. మిగతా మూడూ షాపు ముందు నీడ కావాలన్నవే.

నిరంజన్ సారుకు, స్వామి దీవెనలు.

మంగళవారం ఆంజనేయుణ్ణి నిలబెట్టాము. మా మండలి ఈదమ్మ "నువ్వు జరుగక్కా, నీకు నడుము నొస్తది" అని విగ్రహం తానే మోసింది. ఆమె భర్త సాయన్న తాడిచెట్టు మీది నుంచి పడి మంచాన ఉన్నాడు. గుడి ఉన్న వీధిలోనే ఆమె కల్లు దుకాణం నడిపి ఇల్లు ఈడుస్తున్నది. గుడి పని చేసినవాళ్లందరికీ కల్లు కూడా పంపింది, మహాతల్లి.

మీ
బాలమణి

తా.క.: ఇసుక, సిమెంటు విజయ్ ఇచ్చాడు. పాపం, రూలు సంగతి తెలియదనుకుంటాను.

బాలమణి గారికి,

మా సిబ్బంది వచ్చి కొలిచారు. విజయ్ షాపుకు ఇంకా ఏడాదిన్నర గడువుంది, ముట్టుకోలేము. ఈ నెల గడువు తీరినది ఈదమ్మ కల్లు దుకాణానికే. గుడి గడప నుంచి అరవై రెండు మీటర్లు. మూయించాము. రూల్లో కల్లు కూడా మందే.

భవదీయుడు,
నిరంజన్

తా.క.: ఈదమ్మ గిరాకీ అంతా తనకే వస్తున్నదని, మీకు కృతజ్ఞతలు చెప్పమని విజయ్ అన్నాడు.

నిరంజన్ సారుకు,

తప్పు నాది. కల్లు అమ్మవారికి కూడా పోస్తాము. అది మందని నాకు తోచనే లేదు. స్వామిని జరుపుదామంటే పూజారి చెంపలేసుకున్నాడు. ఈదమ్మ ఇప్పటికీ భజనకు వస్తుంది, నా పక్కనే కూర్చుని తాళాలు వేస్తుంది. నాకే పాట సాగడం లేదు. వైన్ షాపు ఉంటే ఉండనీయండి, ఆమె దుకాణం తెరిపించండి.

నిన్న మా ఇంటికి వచ్చి "అక్కా, నీ రాత మంచిగుంటది. సారుకు జర నా అర్జీ రాసియ్యవా" అన్నది. రాశాను. దీనితో పంపుతున్నాను.

తలవంచుకుని,
బాలమణి

తా.క.: ఆ సలహా ఇచ్చింది ఎవరో చెప్పమని కూడా ఆమె రాయించింది. పేరు దాచకుండా జవాబు పంపండి. ఆమెకు చదువు రాదు, కాగితం నా దగ్గరికే తెస్తుంది. ఒక్క అక్షరం వదలకుండా చదివి వినిపిస్తాను.