ఫోను పెట్టెయ్యని మనిషి

వదినగారికి,

మరిది నమస్కరించి రాసేది. ఇక్కడ నేను క్షేమం. నా ఇంగ్లీషు ఒక్కటే క్షేమంగా లేదు.

వాషింగ్ మిషన్ల కంపెనీలో ఉద్యోగం దొరికిందని అన్నయ్య చెప్పే ఉంటాడు. ప్యాకింగులో వేస్తారనుకున్నాను. ఇంటర్వ్యూలో ఇంగ్లీషు వచ్చా అని ఇంగ్లీషులోనే అడిగారు. నాకు గట్టిగా వచ్చిన మాట "యెస్" ఒక్కటే కాబట్టి అదే అన్నాను. తీసుకెళ్ళి కంప్లయింట్ల సెక్షన్లో ఫోను ముందు కూర్చోబెట్టారు. అద్దాల గదిలోంచి మేనేజరు నన్నే చూస్తుంటాడు. రెండు నెలలు చూసి, ఉంచాలో పంపాలో తేలుస్తాడట. పంపిస్తే తిన్నగా మీ ఇంటికే వస్తాను. బెదిరింపు కాదు, సమాచారం.

నిన్న ఒకాయన, మిషను గెంతుతోందని కాబోలు, ఫోన్లో అరిచాడు. "థాంక్యూ, సేమ్ టు యూ" అన్నాను. మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

నాలుగు మాటలు నేర్పి పుణ్యం కట్టుకోండి.

ఇట్లు,
నోరు పెగలని మీ మరిది

తా.క.: ఒకావిడ "హోల్డ్ ఆన్ ప్లీజ్" అంది. రిసీవరు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. మధ్యాహ్నం భోజనానికి కూడా వదల్లేదు.


చిరంజీవి మరిదికి,

ఆశీస్సులు. సంభాషణ అంటే మాట్లాడటం అనుకుంటున్నావు. కాదు, వినడం. సాయంత్రాలు మా ముందుగదిలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకొచ్చే వాళ్ళకీ ఇదే చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

మూడు వాక్యాలు నేర్చుకో. ఎదుటివాళ్ళు ఆగగానే "ఐ అండర్‌స్టాండ్" అను. అర్థమైంది అని. అర్థం కాకపోయినా అనొచ్చు. తర్వాత "దట్ మస్ట్ బీ డిఫికల్ట్". పాపం, ఎంత కష్టమో అని. ఆపైన "టెల్ మీ మోర్". ఇంకా చెప్పండి అని. ఈలోగా వాళ్ళ కోపం దానంతటదే చల్లారుతుంది.

ఇట్లు,
మీ వదిన

తా.క.: పెళ్ళైన దగ్గర్నుంచి ఈ మూడూ తెలుగులో మీ అన్నయ్య మీద వాడుతున్నాను. తన మాటలంటే నాకు చెవికోసుకునేంత ఇష్టమని ఆయన అందరికీ చెప్పుకుంటున్నాడు.


వదినగారికి,

నమస్కారాలు. మీ మూడు వాక్యాలూ మంత్రాల్లా పనిచేస్తున్నాయి. ఎవరూ తిట్టడం లేదు. ఒక పెద్దాయన మిషను సంగతి వదిలేసి తన బావమరిది గురించి చెప్పుకుపోయాడు. బావమరిది అని ఎలా తెలిసిందంటే, ఆ నిట్టూర్పుకి భాష అక్కర్లేదు.

ఒక చిన్న పొరపాటు మాత్రం జరిగింది. ఒకమ్మాయి నవ్వుతూ ఏదో చెప్పింది. పద్ధతి ప్రకారం "దట్ మస్ట్ బీ డిఫికల్ట్" అన్నాను. నవ్వు ఆగింది. "టెల్ మీ మోర్" అన్నాను. ఏడుపు మొదలైంది. పక్క సీటావిడ ఫోను లాక్కుని విషయం కనుక్కుంది. ఆ అమ్మాయికి పెళ్ళి కుదిరిందట.

ఇట్లు,
మీ మరిది

తా.క.: ఇవాళ ఆ అమ్మాయే మళ్ళీ చేసింది. పెళ్ళి మానుకుందట. "థాంక్యూ" అంది. ఇది నాకొచ్చిన మాటే కాబట్టి తడుముకోకుండా "సేమ్ టు యూ" అన్నాను.


మరిదికి,

నువ్వు చేసింది సంభాషణ కాదు, సంబంధం చెడగొట్టడం. సంతోషవార్తకి "కంగ్రాచులేషన్స్" అనాలి. నీకు తక్కువైంది తెలివి కాదు, అలవాటు. రోజుకి పది ఫోన్లు ఏ మూలకి? యాభై మందితో మాట్లాడితే రెండు వారాల్లో నోరు దానంతటదే తిరుగుతుంది. చూస్తూ ఉండు.

ఇట్లు,
వదిన

తా.క.: అంత పెద్ద మాట పలకలేకపోతే "వెరీ గుడ్" చాలు. మిషను తగలబడిందన్న వాళ్ళకి మాత్రం రెండూ వద్దు.


వదినగారికి,

కొంప మునిగింది. పది రోజులుగా ఫోను కింద పెట్టనివ్వడం లేదు. మీరు యాభై అన్నారు, వంద దాటాయి. అన్నీ వింత కంప్లయింట్లు. ఒకాయన పోస్టాఫీసుకి దారి అడుగుతాడు. ఒకావిడ రెండు టికెట్లు కావాలంటుంది. ఇంకొకాయన తనకి జ్వరమనీ నన్ను డాక్టరనీ అంటాడు. ఒక బొంగురు గొంతు పెద్దాయన "దిస్ ఈజ్ ఎ పెన్" అన్నాడు. "దట్ మస్ట్ బీ డిఫికల్ట్" అన్నాను. "యెస్" అన్నాడు.

కొత్త మోడల్ మిషను అమ్మకానికి వచ్చిన నెలలోనే ఇన్ని ఫోన్లేమిటని పెద్ద ఇంజనీర్లు దిగారు. దాని చప్పుడుకి మనుషులకి మతి పోతోందేమోనని వాళ్ళ అనుమానం. నిన్నటి నుంచి ఆ మోడల్ తయారీ ఆపేశారు. అమ్మినవన్నీ వెనక్కి తెప్పిస్తున్నారు.

నన్ను గెంటేస్తారనుకుని పెట్టె సర్దుకున్నాను. మేనేజరు పిలిచి, ఇంత గండంలోనూ ఎవరిచేతా తిట్టు తినలేదని ఉద్యోగం ఖాయం చేసి, సెక్షన్ మొత్తం నా చేతికిచ్చాడు. "కంగ్రాచులేషన్స్" అన్నాడు. కంగారులో "దట్ మస్ట్ బీ డిఫికల్ట్" అన్నాను. ఆయన తలుపు వేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, సాయంత్రం దాకా తన కష్టాలు చెప్పుకున్నాడు.

ఇట్లు,
సెక్షన్ హెడ్డు, మీ మరిది

తా.క.: పెన్ను పెద్దాయన రోజూ చేస్తున్నాడు. ఇవాళ పెన్సిలు దాకా వచ్చాం.


మరిదికి,

ఈ ఉత్తరం చదివి చింపెయ్యి. ఆ ఫోన్లు చేసింది నా క్లాసు వాళ్ళు. పోస్టాఫీసూ టికెట్లూ జ్వరమూ అన్నీ నేను చెప్పిన పాఠాలే.

నోరు విప్పండి అంటే, "ఎవరితో మేడమ్? రెండు ముక్కలు అనేలోపే నవ్వుతారు, ఫోను పెట్టేస్తారు" అనేవాళ్ళు. పెట్టెయ్యని మనిషి ఒకడున్నాడని నీ నంబరిచ్చాను. అటు వాళ్ళకీ ఇటు నీకూ అలవాటవుతుందనుకున్నాను. వాళ్ళలో ఒక్కరికీ వాషింగ్ మిషను లేదు.

ఆ పెన్ను పెద్దాయన దర్జీ. ఏడాదిగా వెనక బల్ల మీద కూర్చుని పెదవి కదపలేదు. మొన్న వస్తూనే "హౌ ఆర్ యూ, మేడమ్?" అని, జవాబు కోసం ఆగాడు. ముందు బల్ల మీదికి రమ్మన్నాను.

ఇవాళ అందరికీ గట్టిగా చెప్పాను, ఆ నంబరు మర్చిపొమ్మని. దర్జీ ఒప్పుకోలేదు. నువ్వు మాత్రం మేనేజరు దగ్గర నోరు జారకు.

ఇట్లు,
వదిన

తా.క.: మరీ కుమిలిపోకు, మీ వాళ్ళు ఆ మోడల్ వెనక్కి తెప్పించడం మంచిపనే. నీ కంపెనీ కదా అని మేమూ ఆ కొత్త మోడలే కొన్నాం. మీ అన్నయ్య ప్యాంట్లన్నీ మింగి తలుపు తెరవనంటోంది. వారం రోజులు ఫోను చేశాను, నా క్లాసు వాళ్ళ మూలంగా లైను దొరకలేదు. నిన్న దొరికింది. ఇంగ్లీషులో మొదలుపెట్టేసరికి నా గొంతు నువ్వు గుర్తుపట్టలేదు. "దట్ మస్ట్ బీ డిఫికల్ట్, టెల్ మీ మోర్" అన్నావు. ఎంత బాగా అన్నావంటే, పెళ్ళైన దగ్గర్నుంచి మీ అన్నయ్య పెట్టిన బాధలన్నీ చెప్పేశాను. మనసు తేలికపడింది. మిషను తలుపు మాత్రం ఇంకా తెరుచుకోలేదు.