అరువిచ్చిన మచ్చ

అనకాపల్లి,
ఫిబ్రవరి 2004.

ప్రియమైన నాన్నకి,

నీ కృపాజ్యోతి వందనాలు. ఫోన్ చేస్తే నువ్వు బాగున్నావనే అమ్మ చెబుతుంది. నిన్ను పిలవమంటే మాత్రం "కళ్లంలో ఉన్నాడే" అంటుంది. ఏ నెలలో చేసినా కళ్లంలోనే ఉంటావేమిటి నాన్నా? అందుకే ఉత్తరం. దీన్ని చూసి కళ్లంలోకి పారిపోలేవు కదా.

నువ్వు నాతో ఎందుకు మాట్లాడవో నాకు తెలుసు. మునగపాకలో బెల్లం పెనం దగ్గర పాకం చింది ఎడం బుగ్గ కాలిన దగ్గర్నుంచి నువ్వు నాటకాలు మానేశావు. మొహానికి తువ్వాలు చుట్టుకోకుండా గడప దాటవు. మచ్చ కనపడకుండా చేస్తే మళ్లీ స్టేజీ ఎక్కుతావని పోయిన క్రిస్మస్‌కి రబ్బరు బుగ్గ చేసి తెచ్చాను. తీసుకెళ్లి కుడితి తొట్టిలో పడేశావు. "నా మొగం సూడ్డానికి నీకూ సిగ్గేనేటే?" అన్నావు. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. సిగ్గు నాకెందుకు నాన్నా? నీ డైలాగు వినడానికి అందరికంటే ముందు చాప పరుచుకుని కూర్చున్న పిల్లని నేను. నాకు మళ్లీ ఆ చాప కావాలి, అంతే.

సరే, అసలు సంగతి. పళ్ల సెట్లు చేసే మా ల్యాబులో పని అయ్యాక నాటకాల వాళ్లకి రబ్బరు ముక్కులూ, బట్టతలలూ, పుళ్లూ చేస్తున్నానని నీకు తెలుసు. ఏప్రిల్‌లో ఇక్కడ నాటక పరిషత్తు పోటీలు. త్రినాధరావు మామ బెల్లం వండేవాడి వేషం కడుతున్నాడు. పాకం పడి మొహం కాలినవాడు. ఆ మచ్చ నన్ను చెయ్యమన్నారు. చేశాను. మామ అద్దంలో చూసుకుని, "ఇదేటమ్మా, అట్టు మాడినట్టుంది! సూసీవోళ్లందరూ బెల్లపోళ్లే. పాకం కాలితే ఎలాగుంటాదో ఆళ్లకి తెల్దా?" అన్నాడు. మళ్లీ చేశాను, మళ్లీ అదే మాట. ఊహించి చేస్తే రావడం లేదు నాన్నా. పాకం పడ్డ చోట ఊరుకోదు, కాలుస్తూ కిందికి జారుతుంది. ఆ జారిన దారి చర్మం మీద ఉండిపోతుంది. అది నేను నీ బుగ్గ మీదే చూశాను.

దాచుదామని కాదు, ఈసారి అందరికీ చూపిద్దామని అడుగుతున్నాను. నీ మచ్చ ఒక్కసారి అరువివ్వు. అచ్చు తీసుకుని పంపించేస్తాను.

నీ కూతురు,
కృప


అనకాపల్లి,
ఏప్రిల్ 2004.

మొండి నాన్నకి,

అచ్చు ఇవ్వడానికి నువ్వు బస్సు దిగినప్పుడే నేను సగం గెలిచాను. పళ్ల అచ్చుకి వాడే పొడి కలిపి నీ బుగ్గంతా పూసి, గట్టిపడేదాకా మొహం కదపకూడదు, మాట్లాడకూడదు అన్నాను. ఇంక నా నోటికి అడ్డేముంది! చాప సంగతి, కుడితి తొట్టి సంగతి అన్నీ ఎత్తి నిన్ను కడిగేశాను. నువ్వు ఒక్క ముక్క అనలేకపోయావు. కంట్లోంచి నీళ్లు కారి అచ్చు అంచు తడిసింది. తర్వాత పొడి మండిందన్నావు. అది మండదు నాన్నా, చల్లగా ఉంటుంది. వెళ్తూ వెళ్తూ మాత్రం "మొగం ఇచ్చేను, మనిషిని అడక్కు. ఆటకి రాను" అనేశావు.

అందుకే ఆట ఎలా జరిగిందో రాస్తున్నాను. చదివి కుళ్లుకో.

ఆ అచ్చులో రబ్బరు పాలు పోసి ఆరబెట్టి తీస్తే నీ బుగ్గ పల్చటి తొక్కలా నా చేతికొచ్చింది. అంచులు తెలియకుండా మామ బుగ్గకి అతికించి రంగు వేశాను. నాటకంలో మామ తువ్వాలు తీసి మొహం లైట్లోకి తిప్పేసరికి వెనక వరసలవాళ్లు కూడా మెడలు చాచారు. మునగపాక పెద్దాయన ఒకాయన లేచి నిలబడి, "ఓర్నాయనో, ఇది పాకం కాలిన మొగమేరా!" అని అరిచాడు. అంతే, చప్పట్లు! మామ అప్పటికింకా నోరే విప్పలేదు. ఆ చప్పట్లు నీ బుగ్గకి నాన్నా! ఆహార్యానికి బహుమతి నాకే ఇచ్చారు. వైజాగ్ నుంచి వచ్చిన సీరియల్ మేకప్ మేన్ ఆ ముక్కని తడిమి తడిమి చూసి, వచ్చే నెల షూటింగుకి రమ్మన్నాడు. నాకు నేల మీద కాలు నిలవడం లేదు. కానీ ముందు వరసలో నీకోసం ఉంచిన కుర్చీ ఆఖరిదాకా ఖాళీగానే ఉంది. దానికి మాత్రం నిన్ను క్షమించను.

బహుమతి కొట్టిన నీ కృప


రోలుగుంట,
ఏప్రిల్ 2004.

అమ్మా కృపా,

కుర్చీ గురించి ఏడవకు. ముందు కూర్చుంటే అందరూ నన్ను చూస్తారని వెనకాల సోడా బండి పక్కన నిలబడ్డాను. మీ అమ్మకి నర్సీపట్నం సంతకని చెప్పి వచ్చాను. జనం చప్పట్లు కొడుతుంటే నా తువ్వాలు ఎప్పుడు తీశానో నాకే తెలీదు, చంకలో పెట్టుకుని నేనూ కొట్టాను. పక్కనున్న ఆవిడ నన్ను చూసి, స్టేజీ కేసి చూసి, "ఆయన మీ తమ్ముడేటండి?" అంది. "కాదమ్మా, నా వేషం కట్టేడు" అన్నాను. ఇన్నేళ్లకి నా మొహం నాకు గొప్పగా అనిపించింది.

మచ్చ బ్రహ్మాండం. వేషం మాత్రం తేలిపోయింది. కాలిన బుగ్గవాడు నవ్వితే ఎడం పక్క సాగదు. త్రినాధ రెండు పక్కలా ఇకిలించాడు. ఫోన్ చేసి, విజయనగరం పోటీలకి ఆ వేషం నాదని చెప్పేశాను. "నువ్వొత్తానంటే నాకింతకన్నా ఏటి కావాల బావా!" అన్నాడు.

మచ్చ నా దగ్గర ఉంది, దానికి నీతో పనిలేదు. నా ముక్కే చిన్నది. ఆ వేషానికి కొంచెం లావుపాటి రబ్బరు ముక్కు కావాలి. సోమవారం అచ్చు ఇవ్వడానికి వస్తాను. నేను మాట్లాడకుండా కూర్చున్నప్పుడు ఏం వాగుతావో ముందే ఆలోచించి పెట్టుకో.

చాప దులిపి ఉంచు.

ఇట్లు,
వరప్రసాదరావు,
స్టేజీ ఆర్టిస్టు