బర్గర్‌లో అట్టముక్క

జూన్ 3, సోమవారం. ఉదయం 7.00
మా అమ్మాయి ముస్తాబు చేసిన బర్గర్ మెయిన్‌రోడ్డు బోర్డు ఎక్కింది! బస్టాపు కంటే పెద్ద ఫొటో! చూస్తుంటే కళ్లలో నీళ్లు, నోట్లో నీళ్లు, రెండూ ఒకేసారి. కెమెరా ముందు తిండిని అందంగా నిలబెట్టడమే దాని ఉద్యోగం. ఎలా చేసిందో నా చెవిలో చెప్పింది. పొరకీ పొరకీ మధ్య అట్టముక్క. వెనక గుండుసూదులు. లోపలి ముక్కకు నిగనిగలాడే రంగు. పైన నువ్వులు పట్టకారుతో ఒక్కొక్కటే అంటించిందట, నా బంగారు తల్లి!

"నాన్నా, బయట ఎవరికీ చెప్పకు. పొక్కిందంటే నా ఉద్యోగం ఊడుతుంది. చేరి రెండు నెలలేగా."

"నా నోట్లోంచి ఒక్క మాట రాదు తల్లీ!"

తీర్మానం: నోటికి తాళం. జన్మంతా!

జూన్ 4, మంగళవారం
6.30: చెప్పలేదు.
8.00: చెప్పలేదు.
11.00: పక్కింటి టైలరు "బోర్డు చూశారా? భలే ఉంది బర్గర్" అన్నాడు. దగ్గు వచ్చినట్టు నటించాను. పాపం, మంచినీళ్లు తెచ్చిచ్చాడు. తాగాను. అయినా చెప్పలేదు! ఇంత గట్టివాణ్నని నాకే తెలియదు.

జూన్ 5, బుధవారం
మా ఆవిడకు చెప్పాను. అమ్మాయి అన్నది "బయట" అని. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి బయటిదా?

జూన్ 7, శుక్రవారం
బావమరిది ఫోను చేశాడు. వాడూ ఇంటివాడే. లెక్కలోకి రాదు.

జూన్ 8, శనివారం
సెలూన్. కటింగ్ చేసే అతను అద్దంలో నన్ను చూస్తూ, "ఆ బర్గర్ ఎవరు చేశారో గానీ, చెయ్యి తిరిగినవాళ్లండీ" అన్నాడు. కన్నతండ్రి ముందు! మెడ మీద కత్తి ఉన్నా ఆగలేకపోయాను. సగమే చెప్పాను, నువ్వుల వరకు. అదీ షాపు లోపలే. ఇంకో ఇద్దరు విన్నారు. మెల్లగా మాట్లాడటం నాకు చేతకాదు.

జూన్ 10, సోమవారం. మధ్యాహ్నం 1.20
ఆ బర్గర్ షాపుకే వెళ్లాను. ఊరికే, ఫొటో దగ్గరగా చూద్దామని! ఒకావిడ డబ్బా తెరిచి మేనేజరు మీద విరుచుకుపడుతోంది.

"ఫొటోలో మేడంత ఎత్తు! ఇదేంటి, ఎవరో దీని మీద కూర్చుని లేచినట్టుంది! అది చేసినవాళ్లకు సిగ్గుండాలి!"

ఎవరికి? మా అమ్మాయికా? లేచి నిలబడ్డాను.

"వాళ్లనేమీ అనకండమ్మా! ఎంత కష్టపడ్డారో తెలుసా? ఆ బర్గర్‌లో అట్టముక్కలున్నాయి!"

షాపులో అందరూ ఎవరి బర్గర్ వాళ్లు విప్పి వెతకడం మొదలుపెట్టారు.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "పెద్దాయనా! మా దాంట్లో అట్టముక్కలేంటండీ?"

"మీ దాంట్లో లేవు బాబూ. అందుకే అణిగిపోయింది!"

అక్కడితో ఆగాల్సింది. గుండుసూదులూ చెప్పాను. మా అమ్మాయే చేసిందనీ చెప్పాను.

జూన్ 11, మంగళవారం
ఉదయం 9.00: షాపు మేనేజరు ఫోను చేశాడట, అమ్మాయిని ఆఫీసులో పెద్ద సారు రమ్మన్నాడు.
12.00: ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాను.
4.00: ఫోను లేదు. నా నోరు పడిపోను!
5.30: వచ్చింది.

"ఆ పెద్దాయన ఎవరని అడిగారు నాన్నా."

"తెలీదని అనాల్సింది తల్లీ!"

"మా నాన్నే అన్నాను. నన్నెవరైనా ఒక మాటంటే ఊరుకోలేడన్నాను."

ఉద్యోగం పోలేదు! బర్గర్లు మాత్రం ఇంకొకరికిచ్చారు. తనకిక కూల్‌డ్రింకులు. మరోసారి ఇలా జరిగితే ఇంటికే అన్నారట.

"ఇకమీదట నా పని సంగతులు నీకు చెప్పను" అని గదిలోకి వెళ్లిపోయింది. న్యాయమే. కానీ రోజూ వచ్చి నా పక్కన కూర్చుని చెప్పేది కదా.

జూన్ 13, గురువారం. ఉదయం 8.40
అమ్మాయి ఒక చెప్పు వేసుకుని ఆగింది. విప్పేసింది. వచ్చి నా పక్కన కూర్చుంది.

"నాన్నా, నిన్న ఐసుముక్కల్ని ఏం చేశానో తెలుసా? వద్దులే."

"వద్దమ్మా, చెప్పకు!" చెవులు మూసుకున్నాను.

నా చేతులు లాగి మరీ చెప్పింది! మొత్తం! ఎవరి పోలికో!

8.50: వెళ్లింది. నోటికి తాళం. మొదటి రోజు.
8.52: "ఏంటి, తండ్రీకూతుళ్ల గుసగుసలు?" అంది మా ఆవిడ. "వానొచ్చేలా ఉందట" అన్నాను. ఆమె కిటికీలోంచి మండే ఎండను చూసింది. నన్ను చూసింది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.
8.53: ఇంకా చెప్పలేదు!