గొట్టం మాత్రలో నాయన బంక వాసన

అక్కా,

అక్కడ నువ్వెట్లా ఉన్నావు? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నాయన దగ్గు? ఇక్కడ నా బీపీ అలాగే ఉంది. నువ్వు నా చేతుల్లో పెట్టిపోయిన సుజాత ఇప్పుడు కడుపుతో ఉంది, ఆరో నెల. రక్తం తక్కువుందట. అది పుట్టేటప్పుడు నీకూ ఇదే మాట చెప్పారు.

మాంసం ముందు నుంచీ ముట్టదు. దూడ తాగే పాలు మనకెందుకని ఇప్పుడు పాలు కూడా మానేసింది. డాక్టరమ్మ ఐరన్ కోసం ఎర్రటి గొట్టం మాత్రలు రాసింది. అనుమానమొచ్చి ఒకటి వేడినీళ్లలో వేశాను. తొడుగు జిగురై కరిగింది. వాసన చూస్తే, నాయన తలుపులు అతికించడానికి కాచే ఎముకల బంకే!

తెలంగాణ బంద్ కదా, దిల్‌సుఖ్‌నగర్‌లో మందుల షాపు సగం షట్టరే తెరిచి ఉంది. షాపాయన విజయవాడ వైపు మనిషి. ఈ గొడవల్లో మనమంటే కోపమేమోనని జంకుతూనే మాత్ర చూపించి, సుజాత మాంసం, పాలు ముట్టదని చెప్పాను.

"తొడుగు పశువుల ఎముకలతోనే చేస్తారండీ. ఈ బిళ్లలు తీసుకోండి, వీటిలో పాల నుంచి తీసే చక్కెర కూడా లేదు."

"గింత జల్ది మార్చిస్తున్నవేంది? పాత సరుకా? నీ బిడ్డకైతే గిదే ఇస్తవా? ఒట్టు వెయ్యి."

"షట్టర్ దించమని బంద్ వాళ్లు, ఒట్టెయ్యమని మీరూనా పెద్దమ్మగారూ!" అని నవ్వి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ కూడా ఫోన్‌లో సరేనంది. అయినా ఆ బిళ్లనూ వేడినీళ్లలో వేసి చూశాను. తుప్పు వాసన తప్ప ఏమీ లేదు. సుజాత నిమ్మరసంతో వేసుకుంటోంది. రోజూ పొద్దున దాని కింది రెప్ప లాగి చూస్తున్నాను. నిజంగా ఎర్రబడిందో, నా కళ్లకే అలా కనిపిస్తోందో.

మళ్లీ రక్తం చూడటానికి సోమవారం రమ్మన్నారు. నువ్వు కన్ను మూసిందీ సోమవారమే. వేరే రోజు అడిగితే కుదరదన్నారు. సోమవారం సంగతి సుజాతకు చెప్పలేదు. వచ్చే నెల మొదటి సోమవారం, పొద్దున్నే, ఎల్‌బీ నగర్ దవాఖానకు ఇద్దరం పోతున్నాం.