ఇసుక కింద ఎర్ర గీత

నాన్నా,

నమస్కారం. నువ్వు వెళ్ళిపోయి రెండేళ్ళు దాటింది. నీ క్షేమం అడగడానికి వీల్లేని ఉత్తరం ఇది... కాబట్టి మా సంగతులే చెబుతాను.

అమ్మ బాగానే ఉందని రాస్తే నువ్వు నమ్మవు. తింటోంది, పడుకుంటోంది, అడిగినదానికి జవాబు చెబుతోంది. శనివారం సాయంత్రం మాత్రం ఇంట్లో ఉన్న చెప్పులూ బూట్లూ అన్నీ తెచ్చి వరండాలో వరసగా పెడుతుంది. ప్రతి వారం వాటిని పాలిష్ చేసే నువ్వు లేవు. కాసేపు వాటినే చూసి, మళ్ళీ ఒక్కొక్క జతా లోపల పెట్టేస్తుంది. సైన్యం నుంచి నువ్వు ఇంటికి తెచ్చిన అలవాట్లన్నిటినీ వెక్కిరించిన ఆవిడకి అదొక్కటీ ఇష్టమని నాకిప్పుడు తెలిసింది. నీకు తెలుసా?

వంటింటి గట్టు అలాగే ఉంది. అమ్మ పొట్టిదని ఆమె మోచేతి ఎత్తు కొలిచి మరీ కట్టించావు కదా... నీ కర్మల రోజుల్లో వంటకి సాయం వచ్చిన ఆడవాళ్ళందరికీ దాని ముందు వంగి వంగి నడుములు పట్టేశాయి. "ఈ గట్టు ఎవులికోసం కట్టేడర్రా, సిన్నపిల్లలకా?" అని మీ అక్క, మా అత్త, గట్టిగానే అడిగింది. "నాకే కట్టేరొదినా," అంది అమ్మ. అంతవరకూ కన్నీటిచుక్క రాల్చని మనిషి అప్పుడు కూలబడి ఏడ్చింది.

సంతాప సభలో నిన్ను చాలామంది చాలా అన్నారు. దేశభక్తుడన్నారు, ఆదర్శ ఇంజనీరన్నారు, మహానుభావుడన్నారు. నాకు లేచి ఖండించాలనిపించింది. విశేషణాలు ఎక్కువైన చోట సాక్ష్యం తక్కువని నా అనుభవం. నువ్వు మహానుభావుడివి కావు నాన్నా. ఆదివారం లుంగీ కట్టుకొని గ్యాస్ పొయ్యి రంధ్రాలు పిన్నీసుతో శుభ్రం చేస్తూ హిందీ పాటలు అపస్వరంలో పాడుకునే మనిషివి. నాకు జడ వేస్తే పాయలు సమానంగా వచ్చేవరకూ విప్పి మళ్ళీ అల్లి బడికి ఆలస్యం చేసే మనిషివి. ఆ మనిషి గురించి ఆ సభలో ఒక్కరూ మాట్లాడలేదు.

యూనివర్సిటీలో వక్తృత్వ పోటీల్లో గెలిచి వచ్చినప్పుడల్లా నా ప్రసంగం నీకు మళ్ళీ వినిపించేదాన్ని. కళ్ళు మూసుకొని పూర్తిగా వినేవాడివి. చివర్న ఒకటే ప్రశ్న.

"మాటలు బాగున్నాయి బుల్లీ. బరువెక్కడికి దిగతంది?"

స్లాబు బరువు దూలానికి, దూలం బరువు స్తంభానికి, స్తంభం బరువు పునాదికి, పునాది నుంచి నేలకి... మధ్యలో ఎక్కడ దారి తెగినా కట్టడం అక్కడే విరుగుతుంది, వాదనా అంతే అనేవాడివి. ఎన్ని కప్పులు తెచ్చి అలమరలో పెట్టినా నీ ప్రశ్న ముందు నేను ఓడిపోయేదాన్ని. కోపం వచ్చేది. ఇప్పుడు గెలిచి ఇంటికి వస్తే ఓడించేవాళ్ళు లేరు. ఇది ఎంత పెద్ద లోటో ఎవరికి చెప్పుకోను?

ఇక అసలు విషయం. ఇంతసేపూ దాన్ని తప్పించుకుంటూ వచ్చానని నువ్వు ఈపాటికి పసిగట్టే ఉంటావు.

నీ వంతెన మూయించాను నాన్నా.

తాతగారి ఊరి వాగు, ఆ గెడ్డ మీద నువ్వు కట్టిన వంతెనే. నువ్వు ఎన్నో కట్టినా నీ వంతెన అంటే ఇంట్లో అందరికీ అదే. దానికి ముందు వానాకాలం వస్తే ఆ ఊరివాళ్ళు పురిటి మనిషిని అనకాపల్లి చేర్చలేక గట్టు మీద దేవుళ్ళకి మొక్కుకునేవారట. నువ్వూ అటువంటి వానలోనే పుట్టావట.

అది కట్టేటప్పుడు నేను ఒకటో తరగతి. పునాది కోసం పెద్ద బావిలాంటి కాంక్రీటు గోడ పోసి, లోపలి ఇసుక తోడుతుంటే అది తన బరువుతో తానే నేలలోకి దిగేది. అలా దిగకముందు ఒకరోజు నన్ను భుజాల మీద ఎక్కించుకొని తీసుకెళ్ళావు. ఆ గోడ చుట్టూ ఒక గాడి చెక్కించి, అందులో ఎర్ర రంగు నింపించావు. నా వేలు పట్టుకొని ఆ గాడిలో పెట్టావు.

"ఇది ఇసకలోకి ఎలిపోద్ది. మళ్ళీ ఎవులికీ కనపడకూడదు. కనపడిందనుకో... ఆరోజు వంతిన మూసీవాల. మీ నాన్న కట్టేడు గదాని సూడకూడదు. గుర్తెట్టుకుంటావా?"

నాకది పాతిపెట్టిన నిధిలా అనిపించింది. గుర్తుపెట్టుకున్నాను.

ఏటా వరదలు తగ్గాక మనం ముగ్గురం అక్కడికి వెళ్ళడం కూడా ఆ గీత కోసమే కదా. నువ్వు ముడులు వేసిన తాడుతో స్తంభం దగ్గర ఇసుక ఎంత కిందికి పోయిందో చూసేవాడివి. అమ్మ పులిహోర డబ్బా విప్పుతూ, "లోకంలో అందరూ ఉప్మాక ఎల్తారు, ఎంకన్నని సూత్తారు. మాయన మాకు ఇసక సూపిత్తారు," అని దారిన పోయేవాళ్ళకి వినపడేలా అనేది. నువ్వు నవ్వేవాడివి.

నువ్వు పోయిన మొదటి ఏడాది అమ్మ వీధి గుమ్మం దాటలేదు. సంవత్సరీకం అయ్యాక చిన్నాన్న వచ్చాడు. వంతెనకి నీ పేరు పెడుతున్నారట. ఊరంతా కలిసి రాయి చెక్కించారట, దాన్ని నిలబెట్టడానికి దిమ్మ కూడా కట్టేశారట. ఆ రాయి నిలబెట్టే సభలో నన్ను మాట్లాడమన్నారు. చిన్నాన్న కళ్ళలో ఎంత గర్వమో... నీ తమ్ముడు చదువుకోలేదని, చెరుకు తోటల్లోనే ఉండిపోయాడని నువ్వు బాధపడేవాడివి కదా. ఆ రాయి మీద మన ఇంటిపేరు చూసుకొని ఆయన మీసం దువ్వుకోవడం నువ్వు చూడాల్సింది.

సభకి ముందురోజు నేనూ అమ్మా ఆ ఊరు వెళ్ళాం. అలవాటు ప్రకారం గెడ్డలోకి దిగాం. చిన్నాన్నా మాతో దిగాడు.

ఇసుక లేదు నాన్నా. మనం చూడని ఈ రెండేళ్ళలో లారీలు గెడ్డని చెరువులా తవ్వేశాయి. వంతెన కాళ్ళు మోకాళ్ళవరకూ బట్ట ఎత్తికట్టుకున్న మనుషుల్లా నిలబడి ఉన్నాయి. నడిమి కాలి కింది బావి గోడ చుట్టూ, నా నడుం ఎత్తున, ఎర్ర గీత.

వేలు పెట్టి చూశాను. అదే గాడి.

చిన్నాన్నకి చెప్పాను. ఆయన ఆ గీతని అరచేత్తో తుడిచి చూశాడు. తరవాత నా చేయి పట్టుకున్నాడు. "ఇప్పుడు సెప్పకే తల్లీ. సెరుకు నరికేత్తన్నారు. దారి మూసెత్తే అనకాపల్లికి సుట్టు తిరిగి ఎల్లాల, బండ్ల మీదే ఎండిపోద్ది. అదీ కాదు... మా అన్న కట్టింది పడిపోద్దని అన్న కూతురే సెప్తే జనం ఏటనుకుంటారు? పుచ్చు పని సేసేడనుకోరా? సచ్చిపోయినోడికి పరువుండదేటే?"

ఎంత బలమైన వాదన! అమ్మ వైపు చూశాను. ఆవిడ గీతనే చూస్తోంది.

ఆ సాయంత్రమంతా నువ్వు చెప్పిన యుద్ధం కథే నా తలలో తిరిగింది. అడిగితే తప్ప చెప్పేవాడివి కాదు. అడిగినా ఆ ఒక్కటే చెప్పేవాడివి. సరిహద్దులో ఒక కాలువ మీద మీ దళం రాత్రంతా నీళ్ళలో నిలబడి వంతెన వేసింది. తెల్లారేసరికి వెనక్కి రమ్మని ఆజ్ఞ. మనవాళ్ళందరూ దాటాక దాన్ని మీరే పేల్చేయాలి. అవతలివాళ్ళ టాంకులు దాని మీద రాకూడదు.

"రాత్రి మేవే కట్టేం. తెల్లారి మేవే పేల్చేసేం."

ఏడుపు రాలేదా నాన్నా అని అడిగాను.

"వొచ్చింది. వొచ్చినా ముట్టించాల గదే."

సభకి ఊరు ఊరంతా వచ్చింది. షామియానా, మైకు, బంతిపూల దండలు. నీ మీద రాసుకున్న ప్రసంగం నా చేతిలోనే ఉంది. మంచి ప్రసంగం నాన్నా, నువ్వు కూడా ఒప్పుకొని ఉండేవాడివి. ముందు వరసలో ఎవరో చెబుతున్నారు... రాయి దిమ్మకి ఇసుక ఇక్కడిదేనట, గెడ్డలో వంతెన కిందినుంచే తీశారట. నీ పేరు నిలబెట్టడానికి నీ వంతెన కాళ్ళ కింది ఇసుకే తవ్వారు! ఇసుక ఎవరు అమ్ముకున్నారో, లారీలు ఎవరివో, చూసీ చూడనట్లు ఊరుకున్న పెద్దలు ఎవరో ఒక్కొక్కరినీ నిలదీసి ఆ మైకులో చీల్చి చెండాడగలను. చప్పట్లు కూడా పడేవేమో. నోరు తెరిచాను కూడా... అప్పుడు నీ ప్రశ్న వినపడింది. బరువెక్కడికి దిగుతుంది?

గొడవకి దిగుతుంది. మర్నాడు పొద్దున చెరుకు ట్రాక్టర్లు, బడి పిల్లల బస్సు దాని మీదే వెళతాయి.

అందుకని గీత కథ చెప్పాను. అంతే. "మా నాన్న వంతెన తప్పు కట్టలేదు. దాన్ని ఎంతవరకూ నమ్మాలో కూడా అందులోనే కట్టి వెళ్ళాడు. దిగి చూడండి," అన్నాను. కొందరు దిగారు. కొందరు, "పట్నంలో సదువంటే అయ్య పరువు తీడమేటి?" అన్నారు. చిన్నాన్న మాత్రం తల ఎత్తలేదు.

అధికారులు వచ్చి చూసి, బరువు బండ్లకి వంతెన మూసేశారు. చెరుకు చుట్టు తిరిగి వెళ్ళింది. వెళ్ళలేనిది చేలోనే ఎండి బెండయింది. అందులో చిన్నాన్నది ఎక్కువ. ఆయన ఆ తరవాత మన గుమ్మం తొక్కలేదు. నీ పేరున్న రాయిని పశువుల శాలలో గోడకి బోర్లించి పెట్టాడట. దాని మీద దాణా బస్తాలు మాత్రం ఎవర్నీ పెట్టనివ్వడం లేదని పిన్ని చెప్పింది.

ఈ ఏడు గెడ్డ విపరీతంగా వచ్చింది. చూడటానికి జనం గట్టు మీద చేరారు. నేనూ వెళ్ళాను. గొడుగు కింద నిలబడి నేను ఏం కోరుకోవాలి నాన్నా? అది పడిపోతే నేను గెలుస్తాను. నిలబడితే నువ్వు గెలుస్తావు. జీవితంలో మొదటిసారి నాకు ఏ పక్షమూ లేకుండా పోయింది.

నిలబడింది.

నీళ్ళు తగ్గాయి, వంతెన అలాగే ఉంది. "ఏవే బుల్లమ్మా, పడిపోద్దన్నావు, రాయిలా ఉంది గదా! మరి మా సెరుకు ఎండబెట్టినోలెవులు?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. అందరూ నవ్వారు. బరువు బండ్లు లేవు కాబట్టే నిలబడిందని చెప్పవచ్చు. ఉన్నా నిలబడేదని వాళ్ళూ చెప్పవచ్చు. తీర్పు చెప్పగలిగిన మనిషివి నువ్వొక్కడివే. నేను తప్పు చేశానా? నీ మాట నిలబెట్టాననుకొని నీ తమ్ముణ్ణి కూల్చేశానా? ఎదుటివాళ్ళ నోరు మూయించడం తెలిసిన నాకు ఈ ప్రశ్నల నోరు మూయించడం తెలియడం లేదు...

బయటపడిన పునాదిని మళ్ళీ పూడ్చడం కుదరదని వచ్చే సోమవారం దాన్ని కూల్చేస్తున్నారు. కొత్తది కొంచెం ఎగువన కడతారట. మేమూ వస్తామా అని ఆ పని చూస్తున్న ఇంజనీరు కబురు చేశాడు. నేను వద్దందామనుకున్నాను. అమ్మ అప్పటికే చింతపండు నానబెట్టే లెక్కల్లో ఉంది. "ఏటా ఎల్లేవోలమే గదా. మీ నాన్నొక్కరే అక్కడ ఎలా సూత్తారు?" అంది.

కొత్త వంతెన బావులు ఇసుకలోకి దిగకముందే నేను అక్కడికి వెళతాను నాన్నా. గీత చెక్కించమని అడుగుతాను. వినకపోతే వాదిస్తాను. ఈసారి బరువు ఎక్కడికి దిగాలో తెలిసే వాదిస్తాను. ఆ గాడిలో వేలు పెట్టించడానికి చిన్నాన్న మనవరాలిని నాతో పంపమని ఆయన గుమ్మం ముందు నిలబడి అడుగుతాను. తిడితే పడతాను. మాట ఇస్తున్నాను.

ఈ శనివారం బూట్లు నేను పాలిష్ చేశాను. నీవి కూడా. నీ అంత మెరుపు రాలేదు.

సోమవారం తప్పకుండా ఏడుపు వస్తుంది. వచ్చినా...

నీ
బుల్లి