అత్తకు ఏరి తెచ్చిన ఫోను

భీవండిలో ఉన్న యువరాజు బావకు, ఎమ్మిగనూరు నుంచి నీ పెండ్లాం ఉమారాణి దండం పెట్టి రాసేది. ఈడ నేనూ అత్తా పానాలతో ఉండాం. ఆడ నువ్వు వేళకు తింటాండావని తలుస్తాను. మేము క్షేమమా కాదా అనేది ఈ జాబు అంతా చదివినాక నువ్వే తేల్చుకో.

నీతో పనిచేసే మద్దిలేటి పది దినాల కింద సెలవుకొచ్చి నీ జాబు ఇచ్చిపోయినాడు. మల్ల బేస్తవారం భీవండికి బయల్దేరతాడంట, ఇది ఆయప్ప చేతికే ఇచ్చి పంపిస్తాండా. ఫోన్లో చెప్తే నువ్వు సగంలోనే అరిచి పెట్టేస్తావు. కాగితమైతే నువ్వెంత అరిచినా ఆగదు గదా.

ముందు నువ్వు అడిగినవాటికి చెప్తా. మగ్గం ఆడతాండాది. మొన్నటి వానకు మగ్గం గుంతలోకి నీళ్లొస్తే రెండు దినాలు చెంబుతో ఎత్తిపోసినా. అత్త మోకాళ్ల నొప్పులు అట్లే ఉండాయి, నూనె రాస్తాండా. ఇంగ కింద గీత కొట్టి మరీ రాసినావే, "అమ్మ నా మీద ఎందుకు అలిగింది, ఐదు నెల్లుగా ఒక్క మాట మాట్లాడదు, అడిగి నిజం రాయి" అని. ఆ నిజం రాయాలంటే ఫోన్ కొనకముందు నుంచి రాసుకుంటా రావల్ల. ఓపిక పట్టుకుని చదువు.

తొమ్మిదేండ్లుగా ఆదివారమొస్తే అత్త నా ఫోన్లోనే నీతో మాట్లాడేది. ఆయమ్మ వేలు పెడితే ఫోన్ అద్దం కదలదు, చెయ్యి వణుకుతాది. అందుకని ఫోన్ నేనే ఎత్తి పట్టుకోవల్ల. నా ఫోను, నా చెయ్యి, నా మీదే చాడీలు! పప్పులో ఉప్పు లేదని, పిలిస్తే పలకనని, మగ్గం కాడ కూర్చుంటే లేవనని. అవన్నీ పోనీలే అనుకుంటి. ఆయమ్మ ఉత్త అత్త గాదు, మా నాయన తోడబుట్టింది.

గాని ఉగాది అయినాక కైరుప్పల జాతరలో పిడకల పోట్లాట చూసేదానికి పక్కింటి కవితతో పోయినా గదా. బస్సు తప్పిపోయి వాళ్ల చిన్నమ్మ ఇంట్లో ఉండి మర్నాడు వచ్చినాం. ఆ ఆదివారం అత్త నీతో ఏమన్యాది? "ఎవురితో పండుకుని వచ్చిందో ఆ దేవునికే ఎరుక" అన్యాది. ఆ మాట అంటాంటే ఫోన్ పట్టుకున్నది నేనే బావా. నువ్వు నన్ను ఒక్క మాట అడగలేదు. నలభై దినాలు నాతో పలకలేదు. మల్ల పలికినప్పుడు నీ మొదటి మాట ఏంది? "అమ్మకు సొంతంగా ఒక ఫోన్ కొనియ్యి. పాతదైనా ఫరవాలేదు, నీ ఎదురుగా ఆమె నోరిప్పలేకపోతాంది." నా ఎదురుగా నోరిప్పలేకపోతాందంట! ఆ పొద్దే నా కడుపులో విషం ఊరింది.

ఆదోనికి పోయినా. స్టేషన్ దావలో జయరాజు అనే ఆయప్ప పాత ఫోన్లు అమ్ముతాడు. "ముసలామెకా అక్కా" అని మూడు తీసి బల్ల మీద పెట్టినాడు. ఒకదానికి అద్దం మూలలో పగిలింది, గాని ఛార్జింగ్ దినమంతా ఉంటాది, శబ్దం గట్టిగా వస్తాది. రెండోది మరీ చిన్నది. మూడోది చూసేదానికి కొత్తది మాదిరే ఉండాది. ఆయప్ప మొదటిదే తీసుకోమన్నాడు. సిమ్ము వేసి, మాట్లాడి, నాలుగు మూలలా వేలు రాసి చూపించినాడు. నేను మూడోది తెచ్చినా.

మొదటి ఆదివారం నువ్వు వీడియోలో కనపడతానే అత్త "బక్కగైతివి గదరా నాయనా" అన్యాది. నువ్వేమో "మాట్లాడమ్మా, మాట్లాడు" అంటావు. "మాట్లాడతాండా గదరా!" అని అరిచింది. ఆ అరుపుకు గోడ అవతల నుంచి కవిత ఏమైందని అడిగింది. నీకు మాత్రం ఇనపడలేదు. అమ్మ నోరు ఆడతాంది గదా అని నువ్వు నన్నడిగితే, ఆకు నములుతాంది, అలిగిందిలే అని చెప్తి. ఫోన్ చెడిందేమో అంటివి. చెవుల్లో వైరు పెట్టుకుని అదే ఫోన్లో నీతో మాట్లాడి చూపిస్తి. శుభ్రంగా ఇనపడతాంది అంటివి.

ఇంగ దాచేది లేదు. ఆ ఫోన్‌కు మైకు పోయింది బావా. వైరు పెడితేనే మాట అవతలికి పోతాది. జయరాజు ముందే చెప్పినాడు. "ఇదొద్దక్కా, ఇది బొమ్మలు చూసేదానికే. కొడుకు మాట ఆయమ్మకు ఇనపడతాది, ఆయమ్మ మాట కొడుక్కు పోదు" అన్నాడు. ఆ మాట ఇనే తీసుకున్నా. బస్సులో నవ్వుకుంటా వచ్చినా. వైరు నా ట్రంకు పెట్టెలో చీరల కింద పెట్టి తాళం వేసినా. నీకు సొంతంది ఉంది గదా అని నా ఫోన్ మల్ల అత్త చేతికి ఇయ్యలేదు.

అత్త ఫోన్‌ను అనుమానించలేదు, వైరు ఇనేదానికే అనుకుని తనను తానే అనుమానించింది. యాభై ఏండ్లు మగ్గాలకు అచ్చులు అతికిన మనిషి గదా. బూడిద అద్దుకుని పాత పోగు కొసకు కొత్త పోగు మెలేసి మెలేసి వేళ్ల మీద గీతలే లేవు. పింఛన్ మిషన్లో వేలి ముద్ర పడదు, బియ్యం మిషన్లో పడదు. నేను మాట్లాడితే పోతాంది, తాను మాట్లాడితే పోలేదు. అది చూసి "నా వేలు పడనట్టే నా గొంతు గూడా మిషన్‌కు పడల్యా లేవే. అరిగిపోయింటాది" అన్యాది. అవునత్తా అన్నా. నోరారా అన్నా.

మిరియాల కషాయం తాగింది. పెరట్లో నిలబడి గట్టిగా నీ పేరు పిలిచి చూసుకునేది. మొదటి రెండు నెల్లు నా మీద చాడీలు చెప్తానే ఉండింది. నేను పక్కనే కండెలకు నూలు చుట్టుకుంటా అన్నీ ఇంటాంటి. ఈ ఇంట్లో అంత సుఖం నాకు ఎప్పుడూ లేదు. మల్ల నువ్వు విసుక్కుని "నువ్వు మాట్లాడకుంటే ఇంగ నేను చేయను పో" అంటివి. "సెయ్‌రా, మొకమన్నా సూసుకుంటా" అన్యాది. నువ్వు పెట్టేస్తివి. ఆ దినం నుంచి అత్త ఎవురితోనూ మాట్లాడేది మానేసింది. కవిత పలకరించినా తల ఊపేది, అంతే.

పోయిన బుధవారం రొట్టె పెడతాంటే తలెత్తింది. "ఉమా, నేను మాట్లాడేది నీకన్నా ఇనపడతాందా?" అన్యాది.

అప్పటికి గాని నా కండ్లు తెరుచుకోలేదు. పెట్టె తీసి వైరు తెచ్చి ఆయమ్మ ఒళ్లో వేసి అన్నీ చెప్పేసినా. నా ఏడు తరాలనూ తిడతాది అనుకున్నా. తిట్టల్ల అనే కూర్చున్నా. ఆయమ్మ వైరును చేత్తో తడిమి తడిమి, మెల్లిగా "వానికి సెప్పాకు" అన్యాది.

"ఎందుకత్తా?"

"సెప్తే వాడొచ్చి నిన్ను తరుముతాడు. మల్ల వాని పనికి వాడు పోతాడు. నాకు బువ్వ పెట్టేది ఎవురు?"

మొన్న ఆదివారం వైరు పెట్టి నేనే నీకు ఫోన్ కలిపి ఇచ్చినా. "బాగుండా నాయనా. గొంతు పట్టేసి ఇన్నాళ్లు మాట్లాడలేకపోతి. ఉమ బాగా సూసుకుంటాంది" అని నీకు చెప్పింది. నువ్వు ఏడ్చినావు. నన్ను పిలిచి, నువ్వు దేవతవే అన్నావు. ఆ మాటలు చెప్పినంతసేపూ అత్త నీ మొకం చూడలేదు బావా. సరిగ్గా చెప్పినానా అని నా మొకమే చూసింది.

ఇప్పుడు నన్ను ఒక్క మాట అనదు. నిన్న కావాలనే మొన్నటి ఎండు రొట్టె పెట్టి చూసినా. నీళ్లలో నానబెట్టుకుని తిని "బాగుంది ఉమా" అన్యాది. నా మీద నాకే అసహ్యమేసింది. అందుకే రాస్తాండా. చెప్పనని ఆయమ్మకు ఒట్టేసినా, అది గూడా తప్పినా.

నన్ను కొడతావో తరుముతావో నీ ఇష్టం. నేను చేసిన పాపం నాదే, దాంట్లో నీకు వాటా ఇయ్యను. గాని నాలుగేండ్లుగా గడప తొక్కకుండా ఫోన్లు కొనియ్యమని చెప్పింది నువ్వే. బువ్వ పెట్టేది ఎవురని ఆయమ్మ అడిగింది గదా, దానికి జవాబుంటే రా. లేకుంటే ఈ జాబు చించేసి, ఎప్పటి మాదిరే ఆదివారం ఫోన్ చెయ్యి. అత్త బాగుండానని చెప్తాది.

ఇట్లు,
నీ మేనమామ కూతురు, నీ పెండ్లాము,
ఉమారాణి