కిటికీకి వీపు పెట్టిన కుర్చీ

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మా అమ్మాయికి నాన్న ఆశీర్వదించి రాసేది. తేదీ, ఊరు ఈసారి కావాలనే వదిలేశాను; దీన్ని ఎవరైనా సాక్ష్యంగా దాచుకుంటే నాకే ఇబ్బంది. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ కులాసాగానే ఉంది, నాతో మాట్లాడడం మాత్రం నాలుగు రోజులుగా మానేసింది.

బడి సమావేశం నుంచి తిరిగివచ్చిన మీ మామగారు గది దాటి రావడం లేదని రాసి, అక్కడ ఏం జరిగిందని అడిగావు. ఆ వాక్యం చివర ప్రశ్నార్థకం లేదు. నేనే ఎర్ర సిరాతో పెట్టుకున్నాను. చివరికి ఏ లాప్‌టాప్‌లు ఎంచారనీ అడిగావు. రెండు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే ఉంది.

బడి గ్రంథాలయానికి పాత విద్యార్థులు లాప్‌టాప్‌లు ఇస్తామన్నారు. ఎంపిక సంఘంలో విశ్రాంత ఉపాధ్యాయులుగా తెలుగు చెప్పిన నేనూ, లెక్కలు చెప్పిన మీ మామగారూ ఉన్నాం. రెండు నమూనాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒకటి మహా వేగం, జ్ఞాపకశక్తి ఎక్కువ, కానీ తెర అద్దంలా మెరుస్తుంది. రెండోది కాస్త నెమ్మది. దాని తెర మీద అక్షరం మాత్రం కాగితం మీద అచ్చు వేసినట్టు నిలుస్తుంది. పిల్లలు చదువుకోవడానికి రెండోదే మేలని నేనన్నాను.

"లెక్కలేసే యంత్రాన్ని అక్షరాలు చూసి కొంటారటండీ!" అన్నారు మీ మామగారు, అందరివైపూ తిరిగి. "అయినా మా బావగారికి వేగమెందుకు లెండి? ఒక్క సంధి విడదీయడానికే అరపూట పడుతుంది."

ప్రధానోపాధ్యాయిని కూడా నవ్వింది. నేను చదువు చెప్పిన పిల్ల! ముప్ఫై ఏళ్లు స్టాఫ్‌రూములో విన్న నవ్వే అది. నిర్ణయం నెల తరువాతకు వాయిదా పడింది. ఆ నెలంతా ఆ నవ్వును నేను నంజుకు తిన్నాను.

రెండో సమావేశానికి మీ మామగారు రెండు రోజుల ముందే వచ్చి మన ఇంట్లోనే దిగారు. సమావేశంనాడు వేగవంతమైన లాప్‌టాప్‌ను ఆయన ముందు పెట్టించి అన్నాను:

"బావగారూ, మీరు మెచ్చిన తెర కదా, ఒక్క పేరా చదివి వినిపించండి."

ఆయన ముందుకు వంగారు. ఇంకా వంగారు. "అద్దాలు మరిచిపోయి వచ్చానండీ" అన్నారు.

"మరి ముక్కు మీద ఉన్నవి ఎవరివి?"

అందరూ విరగబడి నవ్వారు. నవ్వులు ఆగాక, "కనబడడం లేదు బావగారూ" అన్నారాయన, నాకొక్కడికే వినిపించేంత మెల్లగా. నేను అందరికీ వినబడేలా "ఏమన్నారు?" అని అడిగాను. రెండో నమూనాకే అందరూ చేతులెత్తారు. నేను గెలిచాను.

అమ్మాయీ, ఇంతవరకూ మీ అమ్మకు తెలుసు. తెలియనిది ఇప్పుడు రాస్తున్నాను. ఆయన మన ఇంట్లో దిగిన రోజే మంచినీళ్లు గ్లాసు పక్కన పోసుకోవడం చూశాను. స్నానాల గదికి గోడ తడుముకుంటూ వెళ్లడం చూశాను. ఆయన చూపు పోతున్నదనీ, ఎవరికీ చెప్పలేదనీ నాకు తెలిసింది. తెలిసే, సమావేశానికి గంట ముందు వెళ్లి, కిటికీ వెలుగంతా ఆ మెరిసే తెర మీద పడేలా ఆయన కుర్చీని కిటికీకి వీపు పెట్టి వేశాను. తెర కూడా ధూళి లేకుండా నేనే తుడిచాను.

నేను ఆయన్ని క్షమించలేదు. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. అయినా ఆనాటి నుంచి అన్నం సహించడం లేదు. శుక్లాలో, మరేదో డాక్టరు చెప్పాలి. ఆలస్యమైతే ఉన్న చూపూ దక్కదేమో. మీ ఆయనకూ, అత్తగారికీ ఈ సంగతి మామగారు తనంతట తాను చచ్చినా చెప్పరు. ఆ మొండితనం నాకు తెలుసు. రేపే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి. చూపు బాగయ్యాక వచ్చి నన్ను నలుగురిలో ఎంత మాటైనా అననీ, నాకు సమ్మతమే. నేనూ ఊరుకోను.

అందుకని ఒక్క కోరిక. మీ ఆయన, అత్తగారు ఇంట్లో ఉన్న వేళ మామగారిని హాల్లో కూర్చోబెట్టి ఈ ఉత్తరం గట్టిగా చదువు. నేనే చదువుకుంటానని ఆయన చెయ్యి చాస్తారు, ఇవ్వకు. కుర్చీ సంగతి దాటవేయకుండా, ఒక్క అక్షరం మింగకుండా, చివరిదాకా చదివి వినిపించు.

ఇట్లు,
మీ నాన్న